‘ఎంతో నేర్చుకున్నాను’ అని మాత్రం రాయకు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే చోటి నుంచి వచ్చాయి: రైటింగ్ కోర్సు ఆఖరి పదిహేను రోజుల నుంచి. ఆ కోర్సు సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. పిల్లలు వారానికొకటి రాసి క్లాసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. కింద తోటివాళ్లు తమ మాట రాస్తారు. సెమిస్టరు చివర వాటిలోంచి కొన్ని ఏరి, తిరగరాసి, ముందొక ముగింపు వ్యాసం తగిలించి ఇవ్వాలి. ఆ కట్టనే పోర్ట్‌ఫోలియో అంటున్నారు. నేనీ కోర్సు పంతొమ్మిదేళ్లు చెప్పాను కాబట్టి ఈ ఉత్తరాల వెనక ఉన్న మొహాలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. కళ్ల కింద నల్లచారలతో సహా.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్లో పన్నెండు రాతలు పెట్టాను. అందులో నాలుగు ఏరుకుని, రెండు బాగా తిరగరాసి, మూడు పేజీల ముగింపు వ్యాసంతో ఇవ్వమన్నారు. మొదటి నాలుగు వారాలవి ఇప్పుడు చదువుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఫైలు ఇచ్చేలోపు వాటిని గుట్టుచప్పుడు కాకుండా దిద్దేయొచ్చా? ఇక ముగింపు వ్యాసమంటారా, ‘ఈ కోర్సు వల్ల నా రచనా నైపుణ్యం ఎంతో మెరుగుపడింది’ అన్న మొదటి వాక్యం దగ్గరే మూడు రోజులుగా ఆగిపోయాను.
(సిగ్గుతో చస్తున్న విద్యార్థిని)

జవాబు: ఆ సిగ్గే నీ ముగింపు వ్యాసానికి పెట్టుబడి, తల్లీ. దాన్ని ఖర్చు చేసుకోకు.

పాత రాతల మీద చెయ్యి వెయ్యకు. అక్షరదోషం కూడా దిద్దకు. తిరగరాయాలనిపిస్తే పక్కన కొత్త ప్రతి చేసుకుని, తేదీ వేసి, దాంట్లో ఎంత గీకినా నీ ఇష్టం. నా క్లాసులో ఒకమ్మాయి ఇలాగే ఒక రాత్రి కూర్చుని పన్నెండూ దిద్దేసింది. ఫైలు నా చేతికొచ్చేసరికి అన్నీ ఒకే ఎత్తున, ఒకే యూనిఫాంలో, ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. ముందున్న వ్యాసంలో ‘నేను చాలా మారాను’ అని రాసింది. ఎక్కడి నుంచి మారిందో చూపడానికి ఆమె దగ్గర ఒక్క ముక్క మిగల్లేదు. నాలుగు మార్కులు ఎక్కువ వేద్దామనే కూర్చున్నాను. వేయడానికి చోటు కనబడలేదు.

ఇక నాలుగు ఏరడం. అందరూ చేసే పొరపాటు, ఎక్కువమంది ‘సూపర్’ అన్నవాటిని తీసుకోవడం. అవి చాలావరకు అప్పటికే తమ పని అయిపోయిన రాతలు. తిరగరాద్దామని ముట్టుకుంటే పాడవుతాయి. ఒక మధ్యాహ్నం తలుపేసుకుని పన్నెండూ పైకి చదువు. కళ్లతో చదివితే సరిపోదు, నోరు కదలాలి. చదువుతూ నీకే తెలియకుండా వేగం పెరిగిన చోట పెన్సిల్‌తో నిలువు గీత పెట్టు. ‘ఇది తొందరగా అయిపోతే బాగుండు’ అనిపించిన చోట సున్నా చుట్టు. ఒకే రాతలో నిలువు గీతా సున్నా రెండూ ఉంటే, అదే నీ తిరగరాతకు పనికొచ్చేది. అందులో ఏదో ప్రాణముంది, దాన్ని ఏదో తొక్కేస్తోంది. అన్నీ గీతలే ఉన్నది ఉన్నట్టే పెట్టెయ్. అన్నీ సున్నాలే ఉన్నదాన్ని వదిలెయ్, దాని మీద జాలిపడకు.

తిరగరాయడమంటే ఏమిటో కూడా చెప్పాలి. ‘మేడమ్, నేను ఐదుసార్లు తిరగరాశాను’ అని పిల్లలు చెబితే నేను నమ్మేదాన్ని. తర్వాత ఐదు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూడ్డం మొదలుపెట్టాను. ‘ముఖ్యమైన’ తీసి ‘ప్రధానమైన’ పెట్టారు. ‘చాలా’ తీసి ‘మిక్కిలి’ పెట్టారు. పేరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇది మన పిల్లల జాడ్యమేమీ కాదు. 1980లో నాన్సీ సోమర్స్ అనే అమెరికన్ అధ్యాపకురాలు ఇరవై మంది కాలేజీ విద్యార్థుల్నీ, ఇరవై మంది రాయడంలో చేయి తిరిగిన పెద్దవాళ్లనీ పెట్టుకుని, వాళ్ల ప్రతుల్ని పోల్చి చూసింది. విద్యార్థుల దృష్టిలో దిద్దడమంటే మాటలు మార్చడం, తీసేయడం, శుభ్రం చేయడం. చేయి తిరిగినవాళ్లు మాత్రం అసలు తామేం చెప్పదలిచారో ఆ దిద్దుళ్లలోనే వెతుక్కున్నారు. అవసరమైతే మొత్తం కూలగొట్టారు. ఆ వ్యాసం చదివాక నేను నా పాత ఉత్తరాలు తీసి చూసుకున్నాను. నేనూ ‘మిక్కిలి’ బాపతేనని తేలింది. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒక ఉదాహరణ చూపిస్తే తప్ప ఇది అర్థం కాదు. నా క్లాసులో ఒక కుర్రాడు మూడో వారం సెల్‌ఫోన్ మీద రాశాడు. (ప్రతి బ్యాచ్‌లోనూ సెల్‌ఫోన్ మీద కనీసం ఆరు వస్తాయి. ఇది నా పంతొమ్మిదేళ్ల గణాంకం, ఎక్కడా అచ్చుకాలేదు.) మొదటి వాక్యం ఇది:

‘ఆధునిక సమాజంలో సెల్‌ఫోన్ అనేది మానవ జీవితంలో విడదీయరాని భాగంగా మారిపోయిందనడంలో ఎలాంటి సందేహం లేదు.’

సందేహమే లేకపోతే రాయడమెందుకు? ఆ మాట నేననలేదు, కింద ఒకమ్మాయి అడిగింది. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసింది: ‘మీ ఇంట్లో ఎవరిని చూస్తే నీకు ఇలా అనిపించింది?’ ఏడో వారానికి అతను దాన్ని ఇలా తెచ్చాడు:

‘మా నాన్నగారు ఫోన్ ఎక్కువగా వాడరు. ఆఫీసు అవసరాలకు మాత్రమే మాట్లాడతారు.’

పోర్ట్‌ఫోలియోలోకి వచ్చింది ఇది:

‘మా నాన్న ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియాలంటే మాటలు వినక్కర్లేదు, కాళ్లు చూస్తే చాలు. పైఅధికారి ఫోనైతే లేచి నిలబడతాడు. అవతలివాళ్లు పెట్టేసేదాకా కూర్చోడు.’

‘వాడరు’, ‘మాట్లాడతారు’ కాస్తా ‘నిలబడతాడు’, ‘కూర్చోడు’ అయ్యాయి చూడు. ఇంట్లో వాళ్ల నాన్నని నువ్వు అనే పిలుస్తాడట. క్లాసు కోసం తొడిగిన బహువచనం ఎక్కడో దారిలో జారిపోయింది. అది జారిపోయిన చోటే ఆ మనిషి కనిపించాడు. దీనర్థం మర్యాద వాచకం తీసేస్తే మంచి వాక్యమైపోతుందని కాదు సుమా. నీ ఇంట్లో ‘గారు’ సహజమైతే, ‘గారు’ తీస్తేనే అది దొంగ వాక్యమవుతుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ముగింపు వ్యాసం. ఆ కుర్రాడి ముగింపు వ్యాసంలో నాకు ఇప్పటికీ గుర్తున్న భాగం ఇది: ‘మొదటి వాక్యంలో నేను లేను. రెండో దాంట్లో నాన్న ఉన్నాడు కానీ నేను ఆయన్ని చూడలేదు. మూడోది రాయడానికి రెండు సాయంత్రాలు గుమ్మం దగ్గర నిలబడి ఆయన కాళ్లు చూశాను.’ ఆ మూడు వాక్యాల్లో ‘నైపుణ్యం’ లేదు, ‘మెరుగు’ లేదు. అయినా ఆ సెమిస్టరంతా ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది.

నువ్వు కూడా ఒక్క చోటు పట్టుకో. పన్నెండు రాతల గురించీ చెప్పాలని ఎవరూ అడగలేదు. ఒక వాక్యం, ఒక పేరా, లేదా నువ్వు తీసి పారేసిన ఒక ముగింపు తీసుకో. మొదట ఎలా ఉండేది, ఎవరేమన్నారు, నువ్వేం చేశావు, ఇప్పటికీ ఎక్కడ కుదరలేదు అన్నది రాయి. ఆ చివరిది మానకు. కుదరని చోటు చూపించిన పిల్లల్ని నేను ఎక్కువ నమ్ముతాను. మూడు పేజీలు చాలవు, చూడు. ఆ ‘ఎంతో మెరుగుపడింది’ ఉందే, దాన్ని కాగితం మీద ఉంచు, అన్నీ రాసేశాక ఆఖర్న కొట్టెయ్. ఇల్లు కట్టేటప్పుడు సారువ కట్టెలు వేస్తాం, గృహప్రవేశానికి పీకేస్తాం కదా.

ప్రశ్న: మా క్లాసులో నా రాతల కింద వచ్చినవన్నీ ‘బాగుంది’, ‘చాలా బాగా రాశావ్’, ఇంకా చేతులు జోడించిన బొమ్మలు. ఇప్పుడేమో ‘తోటివారి స్పందనను మీరెలా ఉపయోగించుకున్నారు?’ అని ముగింపు వ్యాసంలో రాయమంటున్నారు. ఫైలు ఇవ్వడానికి ఇంకా వారం ఉంది. చేతులు జోడించిన బొమ్మని ఎలా ఉపయోగించుకోవాలి మేడమ్?

జవాబు: నవ్వొచ్చింది నాయనా, కానీ తప్పు సగం నీది కూడా. నువ్వు వాళ్లని ఏమీ అడగలేదు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ఎవరైనా ‘బాగుంది’ అనే అంటారు. పెళ్లిలో పలకరింపు లాంటిది అది.

ఇంకా వారం ఉందన్నావు కదా. ఇద్దర్ని పట్టుకో, ఇద్దరు చాలు. మంచిచెడ్డలు చెప్పొద్దని ముందే ఒట్టు పెట్టించుకో. చదువుతుంటే వాళ్ల బుర్రలో ఏం జరిగిందో మాత్రం చెప్పమను. ‘ఇక్కడ నువ్వు మీ అన్న గురించి చెప్తావనుకున్నా, చెప్పలేదు.’ ‘ఇక్కడ మూడు లైన్లు వదిలేసి కిందికెళ్లా.’ ‘ఇది చదివాక మా హాస్టల్ గుర్తొచ్చింది, తర్వాత నువ్వు రాసింది బుర్రకెక్కలేదు.’ ఇది నా కల్పన కాదు. పీటర్ ఎల్బో అనే అమెరికన్ రచనా అధ్యాపకుడు 1973లోనే ఈ పద్ధతి మీద గట్టిగా రాశాడు. చదివేవాడు న్యాయమూర్తి అక్కర్లేదనీ, చదువుతున్న క్షణాల్లో తనలో ఏం కదిలిందో ఉన్నదున్నట్టు చెబితే రాసేవాడికి అదే ఎక్కువ ఉపయోగమనీ ఆయన వాదన. ఆగకుండా, దిద్దకుండా, పది నిమిషాలు చేతికొచ్చింది రాసెయ్యడమనే అభ్యాసాన్ని క్లాసుల్లో అంతగా పాకించినవాడూ ఆయనే.

ఒక చిన్న కిటుకు కూడా ఉంది. నీ రాతలో నీకే అనుమానంగా ఉన్న వాక్యం ఏదో చెప్పకుండా దాచు. రాతంతా ఇచ్చి, ‘ఇందులో ఒక్క వాక్యం తీసేయాలంటే ఏది తీస్తావ్?’ అని అడుగు. ఇద్దరూ నువ్వు అనుమానపడ్డదే చూపిస్తే మాట్లాడకుండా కొట్టెయ్. ఇద్దరూ వేరే వేరేవి చూపిస్తే మాత్రం వినకు. పదిమంది చెప్పిందల్లా చేసి చివరికి ఎవరిదీ కాని వ్యాసం పట్టుకొచ్చిన పిల్లలు కూడా ఉన్నారు నాకు.

అప్పుడు ముగింపు వ్యాసంలో దాపరికం లేకుండా రాయి: ‘పదకొండు వారాలు నాకు బొమ్మలే వచ్చాయి. పన్నెండో వారం ఇద్దర్ని అడిగాను. ఒకరు ఇది అన్నారు, నేను విన్నాను. ఇంకొకరు అది అన్నారు, నేను వినలేదు, ఎందుకంటే...’ ఎందుకు వినలేదో చెప్పడం కూడా ఉపయోగించుకోవడమే.

ప్రశ్న: నేను లెక్చరర్‌ని. ఇదే కోర్సు మొదటిసారి చెబుతున్నాను. 42 మంది పిల్లలు, తలకు పన్నెండు రాతలు. ఉత్సాహం కొద్దీ అన్నీ దిద్దుతానని మాటిచ్చాను. ఇప్పుడు నా బల్ల మీద పోర్ట్‌ఫోలియోలు కూడా వచ్చి పడుతున్నాయి. నిద్ర లేదు. పైగా అక్షరదోషాలు చూస్తుంటే కడుపు మండిపోతోంది. ‘భాద’ అని రాస్తున్నారండీ, డిగ్రీకి వచ్చి!

జవాబు: ముందు లెక్క వేద్దాం. 42 పన్నెండ్లు 504. ఒక్కోదానికి పది నిమిషాలే అనుకున్నా 84 గంటలు. జీతంలో ఈ 84 గంటలు ఎక్కడా కనబడవని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీరు ఒంటరివారు కాదు లెండి. 1880ల్లో హార్వర్డ్‌లో బారెట్ వెండెల్ అనే ఆయన పిల్లల చేత రోజుకొక చిన్న రాత రాయించేవాడు. వారానికొకటి అనే మన గోల ఆ రోజువారీ రాతల ముందు ఎంత! అలా గుట్టలు పడ్డ కాగితాల కింద నలిగిన అధ్యాపకుల మూలుగులు అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉన్నాయి. సుమారు వందేళ్ల తర్వాత, 1980ల్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో పైన చెప్పిన ఎల్బో, ఆయన సహోద్యోగి పాట్ బెలనాఫ్ కలిసి ఒక పరీక్షను ఎత్తేసి దాని బదులు పోర్ట్‌ఫోలియో పెట్టారు. అక్కడి ఆలోచన ఏమిటంటే, ఒక్క పూట కూర్చోబెట్టి రాయించిన ఒక్క వ్యాసం చూసి పిల్లవాడికి రాయడం వచ్చో రాదో చెప్పలేం. సెమిస్టరంతా రాసినవాటిలోంచి అతనే ఏరి, దిద్ది తెచ్చినదాన్ని చూడాలి. మీకు పనికొచ్చే మాట ఇందులో ఉంది: తెచ్చినదాన్ని చూస్తే చాలు. మిగతా ఎనిమిదీ చదవనక్కర్లేదు, రాశాడో లేదో చూసి టిక్కు పెట్టండి. నేను ఈ మాట ఆరో ఏడాదికి గానీ ఒప్పుకోలేదు. మొదటి ఐదేళ్లలో కళ్లజోడు నంబరు రెండుసార్లు మారింది.

ఇక ‘భాద’. మీ కడుపు మంట నాకు తెలుసు. కానీ ఒక్కసారి ఆ తప్పును దగ్గరగా చూడండి. బాధలో ఒత్తు ఉందని ఆ పిల్లవాడికి తెలుసు. తెలియకపోతే ‘బాద’ అని రాసి ఊరుకునేవాడు. ఏ అక్షరానికో మర్చిపోయాడు. మన నోళ్లలో చాలామందికి ఆ ఒత్తు పలకదు, చెవికి ఆనదు, కాబట్టి కంటి జ్ఞాపకం మీద ఆధారపడ్డాడు. ‘విధ్యార్థి’ కూడా అదే బాపతు. చివర ‘ర్థి’లో ఒత్తు సరిగ్గా పెట్టాడు, ఆ ఊపులో ముందుదానికీ ఒకటి పెట్టాడు. ‘పద్దతి’ రాసినవాడు మాత్రం విన్నట్టు రాశాడు. చూడ్డానికి మూడూ ఒకేలాంటి తప్పులు. లోపల జరిగింది మాత్రం వేరు వేరు.

న్యూయార్క్ సిటీ కాలేజీలో 1970 నుంచి కొత్త ప్రవేశ విధానం వచ్చి, అంతకుముందు గేటు దాటని పిల్లలు పెద్ద సంఖ్యలో చేరినప్పుడు, మైనా షాగ్నెస్సీ అనే అధ్యాపకురాలు వాళ్ల వేల కాగితాలు ముందేసుకుని చేసిన పని ఇదే. తప్పుల్ని లెక్కపెట్టడం మానేసి, ఆ తప్పు వెనక ఏ తర్కం ఉందో చూసింది. 1977లో ఆ పని పుస్తకంగా వచ్చింది. చదువు రాని మొద్దులని తేల్చేసిన పిల్లల తప్పులకు ఒక పద్ధతి ఉందని అందులో చూపించింది. నేను ఆ పద్ధతిని మన ఒత్తులకు వాడుకున్నాను, అంతే.

మీరు చేయగలిగింది: పోర్ట్‌ఫోలియోలో ఒక్క పేజీ తీసుకుని దాంట్లోనే దోషాలు గుర్తించండి. దిద్దకండి, అంచున చుక్క మాత్రం పెట్టండి. ఆ లైనులో తప్పు ఎక్కడుందో పిల్లవాడే వెతుక్కోవాలి. నా అనుభవంలో సగానికి పైగా వాళ్లే పట్టేస్తారు. పట్టలేనివే వాళ్లకు నిజంగా రానివి. మీరు చెప్పాల్సిన పాఠం అక్కడ మిగిలిందే. మిగతా పేజీల్లో ‘భాద’ కనబడితే కళ్లు మూసుకోండి. కష్టమే. నేను ఇప్పటికీ పూర్తిగా మూసుకోలేను, ఒక కన్ను తెరిచి ఉంటుంది.

ప్రశ్న: వారం రాతల్లో మాట్లాడినట్టే రాశాను. ఇప్పుడు ఫైనల్ కాబట్టి కాస్త బరువైన భాషలోకి మార్చమని సీనియర్లు అంటున్నారు. మార్చాలా?

జవాబు: వద్దు. సీనియర్లు చెప్పే బరువు ఎలా ఉంటుందో నాకు తెలుసు: ‘ఈ వ్యాసం రాయడం జరిగింది’, ‘పలు అంశాలు పరిశీలించబడినవి’. రాయడం జరిగిందట! వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు, దానంతటదే జరిగింది. ఎవరు రాశారమ్మా? నువ్వేగా.

కాలేజీ పిల్లలు కాంపోజిషన్‌లో ఏ తెలుగు రాయాలన్న గొడవకు వందేళ్లు దాటింది. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు కాంపోజిషన్ ఉపసంఘంలో వాడుక భాష పక్షాన నిలబడి గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చారు. గిడుగు రామమూర్తి జీవితమంతా ఆ పోరులోనే గడిచింది. వాళ్లు పోరాడి తెరిపించిన తలుపు దగ్గరికి వచ్చి, మనం లోపలికి రావడానికి అనుమతి అడగడం నాకు చిరాకు.

ఒక్క జాగ్రత్త. మాట్లాడినట్టు రాయడమంటే మాట్లాడింది రాయడం కాదు. మాట్లాడేటప్పుడు నీ చేతులు, కళ్లు, ఆగడాలు సగం పని చేస్తాయి. కాగితం మీద ఆ సగం కూడా మాటలే చెయ్యాలి. ‘అదన్నమాట’, ‘ఏంటంటే’ లాంటివి పేజీకి రెండుంటే రుచి, పదుంటే నత్తి. ఎన్నున్నాయో లెక్కపెట్టుకో.

ప్రశ్న: రెండు వారాల రాతలు నేను రాయలేదు, ఏఐ చేత రాయించాను. ఎవరూ పట్టుకోలేదు. వాటికే ఎక్కువ ‘సూపర్’లు వచ్చాయి. ముగింపు వ్యాసంలో ఏం చెప్పాలి?

జవాబు: ఆ రెండూ పోర్ట్‌ఫోలియోలో పెట్టకు. ముగింపు వ్యాసం కంటే ముందే మీ టీచర్ దగ్గరికి వెళ్లి నోటితో చెప్పు. మార్కులు పోవచ్చు. కోర్సు నియమాల్లో ఇంకేమైనా రాసి ఉంటే అదీ జరగొచ్చు, దానికి సిద్ధపడే వెళ్లు. ఎవరూ పట్టుకోలేదని నువ్వంటున్నావు. నాకొచ్చిన ఈ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఒకరు పట్టుకున్నారు.

ఆ ‘సూపర్’ల సంగతి ఆలోచించావా? నున్నగా ఉన్నదాని మీద చెయ్యి జారుతుంది. చదివినవాళ్లు జారిపోయి కింద ‘సూపర్’ దగ్గర ఆగారు. మిగతా పది రాతల కింద ఎవరైనా ‘ఇది అర్థం కాలేదు’ అని అడిగి ఉంటే, ఆ రాతే తీసుకుని పోర్ట్‌ఫోలియోలో పెట్టు.

ప్రశ్న: ఐదో వారం మా అమ్మ గురించి రాశాను. చాలామంది చదివారు, ఏడ్చామన్నారు. అమ్మకు చూపించలేదు. అందులో ఆమె చదువు మానేసిన సంగతి ఉంది. కోర్సు అయిపోయాక తీసేయాలా?

జవాబు: నన్నడుగుతున్నావు, అమ్మని అడగలేదు. కూర్చోబెట్టి చదివి వినిపించు. ఆమె ‘ఉండనీ’ అంటే ఉంచు. ‘తీసెయ్’ అంటే ఆ పూటే తీసెయ్. ‘నేను అప్పుడు అలా అనలేదు’ అంటే మాత్రం పెన్ను తీసుకో, నీకు రెండో డ్రాఫ్ట్ దొరికింది.

ఏది చేసినా, ముందు పన్నెండు రాతలూ తేదీలతో, కింద తోటివాళ్లు రాసిన మాటలతో సహా నీ దగ్గర దాచుకో. కాలేజీ ఇచ్చిన ఖాతాలు చదువయ్యాక ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. నా తొలి బ్యాచ్‌లవి కొన్ని అలాగే మాయమయ్యాయి. నాన్న కాళ్ల కుర్రాడిది మాత్రం అప్పుడే ప్రింటు తీసి పెట్టుకున్నాను కాబట్టి మీకు చూపించగలిగాను.

ప్రశ్న: గడువు ఉంటేనే రాశాను మేడమ్. వచ్చే వారం నుంచి గడువు లేదు. ఇక రాయలేనేమోనని భయం.

జవాబు: భయం సరైనదే. ఒక్కదానివే అయితే రాయవు. రోజూ రాస్తానని కొత్త నోటుపుస్తకం కొంటావు, నాలుగు పేజీలు నిండుతాయి, ఐదో పేజీలో ఎవరిదో ఫోన్ నంబరుంటుంది. నా అలమరాలో అలాంటివి తొమ్మిదున్నాయి.

నీ చేత రాయించింది గడువొక్కటే కాదు. శుక్రవారం పొద్దున ఎవరో నీది తెరిచి చదువుతారన్న సంగతి కూడా రాయించింది. ఆ ‘ఎవరో’ని పట్టుకో. ఎల్బో అయితే ఏడు నుంచి పన్నెండు మంది కలిసి, టీచర్ లేకుండానే, వారానికొకసారి కూర్చోమంటాడు. అంతమందిని పోగేయడం నీ వల్లా నా వల్లా కాదు. మీ క్లాసులో నీ రాత కింద అందరికంటే చిరాకు తెప్పించే ప్రశ్న వేసినవాళ్లు ఎవరు? వాళ్లతో ఇవాళే మాట్లాడు. ఆదివారం రాత్రికి నీది ఒక పేజీ వాళ్లకి, వాళ్లది ఒక పేజీ నీకు. పంపనివాళ్లు ఎందుకు పంపలేదో ఒక పేజీ రాసి పంపాలి. అంత రాసే బదులు మామూలు పేజీ రాయడమే నయమని రెండో నెలకి తెలుస్తుంది.

నాకు అలాంటి మనిషి ఒకావిడ ఉంది, ఇరవై రెండేళ్లుగా. ఈ కాలమ్ కూడా ముందు ఆమే చదువుతుంది. మొన్న ఆదివారం నేను పంపిన పేజీకి ఒక్క ముక్క జవాబొచ్చింది: ‘రెండో పేరా మధ్యలో ఉండగా ఫోన్ మోగింది. ఎత్తాను.’

ఆ రెండో పేరా ఇంకా తెమలలేదు.